రాబర్ట్ మార్క్ ఫ్రీడ్‌మన్: నోబెల్ ఫైళ్ళ నుంచి నాటకశాల దాకా

రాబర్ట్ మార్క్ ఫ్రీడ్‌మన్ విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు. అమెరికన్. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. ఆధునిక వాతావరణ శాస్త్రం ఎలా రూపుదిద్దుకుందో చెప్పే పుస్తకం 1989లోనూ, నోబెల్ బహుమతుల ఎంపికలో నడిచిన లోపాయికారీ వ్యవహారాలను బయటపెట్టే పుస్తకం 2001లోనూ వెలువరించారు. ఈ రంగంలో పనిచేసేవారికి ఆ రెండూ చదవక తప్పనివి. పుస్తకం అచ్చయ్యాక చరిత్రకారుడి పని అయిపోయినట్టేనని అందరూ అనుకుంటారు. ఆయన మాత్రం అవే ఫైళ్ళు చంకన పెట్టుకుని నాటకశాల మెట్లెక్కారు. పరమాణు కేంద్రకం ఎలా చీలుతుందో వివరించి కూడా నోబెల్‌కు దూరమైన లీజె మైట్నర్ మీద ఆయన రాసిన నాటకం 2002లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగర రంగస్థలం మీద తొలిసారి ఆడింది. ఆ తర్వాత ధ్రువయాత్రికులు ఆముండ్‌సెన్, నాన్సెన్‌ల మీద ఒకటి, సాపేక్షతా సిద్ధాంతానికి ఎదురైన వ్యతిరేకత మీద మరొకటి రాశారు.

శాస్త్రవేత్తల జీవితాల మీద నాటకాలకు కొదవ లేదు. వాటిలో చాలావాటిని రాసింది నాటక రచయితలు, కొన్నిటిని శాస్త్రవేత్తలు. దస్తావేజుల్లో ఏళ్ళ తరబడి మునిగి తేలిన చరిత్రకారుడే కలం పట్టి పాత్రలకు మాటలు రాయడం అరుదు. ఫ్రీడ్‌మన్‌ను విడిగా చెప్పుకోవలసింది అందుకే.

వాతావరణంతో మొదలు

ఆయన తొలి పుస్తకంలో కథానాయకుడు నార్వే భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యెర్క్నెస్. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1917లో, బ్యెర్క్నెస్ జర్మనీలోని లీప్‌జిగ్ వదిలి నార్వే పశ్చిమ తీరంలోని బెర్గెన్‌కు చేరాడు. నార్వే తటస్థ దేశమే అయినా యుద్ధం దాన్ని వదల్లేదు. తిండిగింజలకు కటకట వచ్చింది. బ్రిటన్ నుంచి రోజూ అందే వాతావరణ తంతివార్తలు ఆగిపోయాయి. రైతుకు, జాలరికి రేపటి వాన గురించి చెప్పాలంటే సొంత కళ్ళు కావాలి. అందుకని 1918 వేసవిలో పశ్చిమ తీరం పొడవునా పరిశీలన కేంద్రాలను దట్టంగా పెట్టారు. గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎలా కమ్ముతోందో దీపస్తంభాల కాపలాదారులు, జాలరులు చూసి చెప్పేవారు.

వివరాలు అంత దగ్గరగా అందేసరికి, వెచ్చని గాలి, చల్లని గాలి ఒకదాన్నొకటి ఢీకొనే గీతలు పటం మీద స్పష్టంగా తేలాయి. యూరప్‌లో సైన్యాలు ఎదురెదురుగా మోహరించిన రోజులవి. బెర్గెన్ బృందం ఆ గీతలకు యుద్ధరంగం నుంచే పేరు తీసుకుంది: ఫ్రంట్. (మన టీవీల్లో అల్పపీడనం, వాయుగుండం రోజూ వినిపిస్తాయి గాని ఫ్రంట్ అన్న మాట పెద్దగా వినపడదు. అది ప్రధానంగా సమశీతోష్ణ మండలాల వాతావరణానికి చెందినది.) ఫ్రీడ్‌మన్ వాదం సూటిగా ఉంటుంది: రైతు అవసరం, చేపల వేట, అప్పుడప్పుడే పుంజుకుంటున్న విమానయానం, యుద్ధం తెచ్చిన కరువు, వీటన్నిటితో ముడిపడటం వల్లే ఆ శాస్త్రం ఆ రూపం దాల్చింది. శాస్త్ర పత్రంలో కనబడేది తుది ఫలితం. అది పుట్టిన గందరగోళమంతా తెర వెనుక ఉండిపోతుంది. ఆ తెర వెనుకకు వెళ్ళడమే ఆయనకు అలవాటైంది.

యాభై ఏళ్ళ తాళం

నోబెల్ కమిటీల కాగితాలు చాలాకాలం ఎవరికీ అందేవి కావు. 1974లో నియమాలు సవరించాక, యాభై ఏళ్ళు దాటిన పత్రాలను పరిశోధకులు చూసే వీలు కలిగింది. ఎవరు ఎవరి పేరు ప్రతిపాదించారు, కమిటీలో ఎవరు నివేదిక రాశారు, తుది నిర్ణయం తీసుకునే స్వీడన్ శాస్త్ర అకాడమీలో ఓటు ఎటు పడింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ తలుపు గుండా మొదట్లోనే లోపలికి వెళ్ళినవారిలో ఫ్రీడ్‌మన్ ఒకరు.

ఐన్‌స్టైన్ సంగతే చూడండి. భౌతిక శాస్త్ర కమిటీలో అల్వార్ గుల్‌స్ట్రాండ్ అనే సభ్యుడు ఉండేవాడు. కంటి లోపల కాంతి ఎలా వంగుతుందో తేల్చినందుకు 1911లో వైద్యశాస్త్రంలో నోబెల్ పొందినవాడు. సాపేక్షతా సిద్ధాంతం ఆయనకు మింగుడుపడలేదు. దాన్ని ఖండిస్తూ పెద్ద నివేదిక రాశాడు. 1921 బహుమతి ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. మరుసటి ఏడాది ఉప్సలాకు చెందిన సిద్ధాంత భౌతిక శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ ఓసేన్ ఒక దారి కనిపెట్టాడు. సాపేక్షత జోలికి పోకుండా, కాంతి విద్యుత్ ఫలిత నియమాన్ని కనుగొన్నందుకు ఐన్‌స్టైన్‌కు ఇద్దామన్నాడు. అలా ఆగిపోయిన 1921 బహుమతి ఐన్‌స్టైన్‌కు, 1922 బహుమతి నీల్స్ బోర్‌కు దక్కాయి. 1923 జులైలో గోథెన్‌బర్గ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇవ్వడానికి లేచిన ఐన్‌స్టైన్ కాంతి విద్యుత్ ఫలితం ఊసెత్తకుండా సాపేక్షత గురించే మాట్లాడాడు. గోథెన్‌బర్గ్ ఈ కథలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

1906లో రసాయన శాస్త్ర బహుమతి ఆవర్తన పట్టిక కర్త మెండెలీవ్‌కు రాకుండా ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ మొయిసాన్‌కు వెళ్ళింది. 1912లో భౌతిక శాస్త్ర బహుమతి దీపస్తంభాల గ్యాసును అదుపుచేసే సాధనం కనిపెట్టిన స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ డాలెన్‌కు వెళ్ళింది. ఫ్రీడ్‌మన్ పుస్తకం చదివాక ఇలాంటివి వింతగా తోచవు. కమిటీలో ఉన్నవారు కొద్దిమంది. వారికి సొంత అభిరుచులు, సొంత పగలు, సొంత దేశపు శాస్త్రం ఎటు నడవాలన్న ఆశలు ఉన్నాయి.

మన దగ్గర జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుకు నోబెల్ రాలేదన్న బాధ తరచూ వినిపిస్తుంది. ఆ బాధలో న్యాయం ఉంది. అయితే ఫ్రీడ్‌మన్ పద్ధతిలో ఆలోచిస్తే ప్రశ్న ‘ఎందుకు ఇవ్వలేదు’ దగ్గర ఆగదు. ఆయన పేరు పంపగల స్థానంలో ఎవరున్నారు, పంపితే నివేదిక ఎవరి చేతికి వెళ్ళేది, ఆ చేతికి ఆ పని విలువ తెలుసా అన్న దిశగా సాగుతుంది. అది కోపం కంటే ఎక్కువ శ్రమ అడిగే పని.

వడ్రంగి గది నుంచి మంచు దారికి

లీజె మైట్నర్ 1878 నవంబర్ 7న వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. 1906లో అక్కడే డాక్టరేట్ పుచ్చుకుని మరుసటి ఏడాది బెర్లిన్ చేరింది. రసాయన శాస్త్రవేత్త ఒట్టో హాన్‌తో కలిసి రేడియోధార్మికత మీద పనిచేయాలి. కానీ ఎమిల్ ఫిషర్ నడిపే రసాయన సంస్థలో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: నేలమాళిగలో వేరే గుమ్మం ఉన్న పాత వడ్రంగి గదిలో ఆమె పనిచేసుకోవచ్చు, పై అంతస్తుల ప్రయోగశాలల్లో అడుగుపెట్టకూడదు. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే వీధిలోకి వెళ్ళి దగ్గరలోని హోటల్‌ను ఆశ్రయించాల్సి వచ్చేది. ఆమె ఉపన్యాసాలివ్వడానికి అర్హత సంపాదించిన 1922లో తొలి ప్రసంగం విశ్వ ప్రక్రియల్లో రేడియోధార్మికత పాత్ర గురించి. పత్రికవాళ్ళు ‘కాస్మిక్’ను ‘కాస్మెటిక్’ చేశారు. ఆడమనిషి కదా, పౌడర్లు, రంగుల గురించే మాట్లాడి ఉంటుందనుకున్నారు కాబోలు.

హాన్, మైట్నర్‌ల జోడీ ముప్పై ఏళ్ళు సాగింది. ప్రొటాక్టినియం మూలకం వాళ్ళ చేతిలోనే బయటపడింది. 1930ల నడిమిలో యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే ఏమవుతుందో చూసే పని మొదలెట్టారు. ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ వారికి తోడయ్యాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోగానే మైట్నర్‌కు ఉన్న ఆస్ట్రియా పౌరసత్వపు రక్ష పోయింది. జులై 13న డచ్చి భౌతిక శాస్త్రవేత్త డిర్క్ కోస్టర్ వెంట రైలెక్కి సరిహద్దు దాటింది. చేతిలో పది మార్కులు. సరిహద్దు కాపలావాళ్ళకు లంచమివ్వాల్సి వస్తే పనికొస్తుందని హాన్ తన తల్లి వజ్రపుటుంగరం ఇచ్చాడు. ఆ అవసరం రాలేదు.

స్టాక్‌హోమ్‌లో మానె సీగ్బాన్ కొత్తగా కట్టించిన భౌతిక శాస్త్ర సంస్థలో ఆమెకు చోటు దొరికింది. చోటు మాత్రమే. పరికరాలు లేవు, సహాయకులు లేరు, జీతం అంతంతమాత్రం. యాభై తొమ్మిదేళ్ళ వయసులో, బెర్లిన్‌లో ఒక విభాగాన్నే నడిపిన మనిషి, ఒక మూల ఖాళీ బల్ల ముందు కూర్చోవలసి వచ్చింది.

ఆ డిసెంబర్‌లో హాన్ నుంచి ఉత్తరం వచ్చింది. యురేనియంలో పుట్టిన పదార్థాన్ని రేడియం అనుకుని బేరియంతో కలిపి వేరుచేయబోతే, ఎంత చేసినా అది బేరియం నుంచి విడిపోవడం లేదు. అంటే అది బేరియమే. యురేనియం ఎక్కడ, దాని బరువులో సగం మించి కాస్త ఉన్న బేరియం ఎక్కడ? దీనికి అర్థమేమిటో చెప్పమని అడిగాడు. క్రిస్‌మస్‌కు ఆమె పాత స్నేహితురాలు, భౌతిక శాస్త్రవేత్త ఎవా ఫోన్ బార్ బెర్గియూస్ పిలుపు మీద కుంగేల్వ్ వెళ్ళింది. గోథెన్‌బర్గ్‌కు కాస్త ఉత్తరాన ఉన్న చిన్న ఊరది. అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ కోపెన్‌హాగెన్ నుంచి వచ్చాడు. అతను తన సొంత ప్రయోగం గురించి చెప్పబోతే పిన్ని వినిపించుకోలేదు, ముందు ఈ ఉత్తరం చదవమంది. హాన్ పొరబడ్డాడేమో అన్నాడు అతను. హాన్ రసాయనంలో పొరబడే మనిషి కాదంది ఆమె.

ఇద్దరూ బయటికి నడిచారు. అతను స్కీల మీద, ఆమె ఉత్త కాళ్ళతోనే, అయినా వెనకబడకుండా. దారిలో ఒక దుంగ మీద కూర్చుని చిత్తుకాగితాల మీద లెక్కలు వేశారు. కేంద్రకాన్ని నీటిబొట్టులా ఊహించుకోవాలి. బొట్టును పట్టి ఉంచేది దాని తలతన్యత. యురేనియంలో విద్యుదావేశం ఎంత ఎక్కువంటే ఆ పట్టు దాదాపు సడలిపోయి ఉంటుంది. న్యూట్రాన్ ఒక్కటి వచ్చి తగిలితే చాలు, బొట్టు సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగుతుంది. తెగిన ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో విడిపోవాలి. అంత శక్తి ఎక్కడిది? కేంద్రకాల ద్రవ్యరాశి లెక్కగట్టే సూత్రం మైట్నర్‌కు నోటికి వచ్చు. తెగిన రెండు ముక్కల మొత్తం బరువు అసలు కేంద్రకం కంటే ప్రోటాన్‌లో ఐదో వంతు తక్కువ. ఐన్‌స్టైన్ సమీకరణం ప్రకారం ఆ ఐదో వంతు శక్తిగా మారితే సరిగ్గా 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. లెక్క కుదిరింది.

హాన్, స్ట్రాస్‌మన్‌ల పత్రం 1939 జనవరి 6న అచ్చయింది. దాని మీద మైట్నర్ పేరు లేదు. నాజీ జర్మనీ నుంచి పారిపోయిన యూదు మహిళ పేరు వేయడం అప్పటికి కుదిరే పని కాదు. మైట్నర్, ఫ్రిష్‌ల వివరణ ఫిబ్రవరి 11న ‘నేచర్’లో వచ్చింది. ఇదొక్కటే అయితే కాలం చేసిన అన్యాయమని సరిపెట్టుకోవచ్చు. ఫ్రీడ్‌మన్ ఆసక్తి యుద్ధం ముగిశాక జరిగినదాని మీద ఉంది. 1944 రసాయన శాస్త్ర నోబెల్‌ను హాన్ ఒక్కడికే ఇస్తున్నట్టు 1945 నవంబర్‌లో ప్రకటించారు. నిర్ణయం వాయిదా వేద్దామని రసాయన కమిటీ అడిగినా, అకాడమీ ఓటు హాన్ వైపు మొగ్గింది. ఆ వార్త వచ్చేనాటికి హాన్ ఇంగ్లండ్‌లో ఫార్మ్ హాల్ అనే ఇంట్లో నిర్బంధంలో ఉన్నాడు. ఆ తర్వాత బోర్ వంటివారు మైట్నర్, ఫ్రిష్‌ల పేర్లు భౌతిక శాస్త్రానికి పంపారు. సీగ్బాన్ శిష్యవర్గంలోని ఎరిక్ హుల్టెన్ ప్రతికూలంగా నివేదిక రాశాడు. స్వీడన్‌లో కేంద్రక భౌతిక శాస్త్రానికి వచ్చే డబ్బు, పరికరాలు తన చేతిలోనే ఉండాలనుకున్న సీగ్బాన్‌కు, అదే ఊళ్ళో మైట్నర్‌కు నోబెల్ రావడం ఏమంత సంతోషం కలిగించే విషయం కాదు.

చిత్రగుప్తుడు లేని చోట

మైట్నర్ మీద ఫ్రీడ్‌మన్ రాసిన నాటకంలో పాత్రలు ముగ్గురే: మైట్నర్, హాన్, సీగ్బాన్. ముగ్గురూ చనిపోయాక, కాలం ఆగిపోయిన ఒక చోట కలుస్తారు. తెలుగు ప్రేక్షకుడికి ఇలాంటి చోటు అనగానే యముడి సభ, చిత్రగుప్తుడి చిట్టా గుర్తొస్తాయి. ఇక్కడ చిత్రగుప్తుడు లేడు. చిట్టా మాత్రం ఉంది. అది స్టాక్‌హోమ్ అభిలేఖాగారం నుంచి రచయితే మోసుకొచ్చాడు. ఎవరి పాపం ఎంతో వారే ఒకరికొకరు చదివి వినిపించుకోవాలి.

నాటకమే ఎందుకంటే నాకు తోచే జవాబు ఇది. ఓట్లు ఎటు పడ్డాయో ఫైలులో ఉంటుంది, హాన్‌తో ముప్పై ఏళ్ళ స్నేహం ఆ ఓటు తర్వాత ఏమైందో ఉండదు. కేంద్రకం చీలడం, అంటే విచ్ఛిత్తి, కేవలం రసాయన శాస్త్రం సాధించిన విజయమని హాన్ తర్వాత కాలంలో చెబుతూ వచ్చాడు. బహుమతి సొమ్ములో కొంత మైట్నర్‌కు పంపాడు కూడా. ఆమె దాన్ని ఐన్‌స్టైన్ నడిపే అణుశాస్త్రవేత్తల అత్యవసర కమిటీకి ఇచ్చేసింది. నాజీల కాలంలో మీరంతా నోరు మూసుకుని పనిచేశారని నిలదీస్తూ 1945 జూన్‌లో ఆమె హాన్‌కు రాసిన ఉత్తరం ఆయనకు చేరనే లేదు. చేరని ఉత్తరంలోని మాటలు ముఖాముఖి వినిపించగల చోటు రంగస్థలం ఒక్కటే.

ఇందులో ప్రమాదమూ ఉంది. నాటకానికి దుర్మార్గుడు కావాలి, సీగ్బాన్ అందుకు చేతికందిన మనిషి. కానీ అతనివైపు నుంచి చూస్తే, చిన్న దేశంలో, కొద్దిపాటి నిధులతో, సైక్లోట్రాన్ కట్టి కొత్త తరాన్ని తయారుచేస్తున్నాడు. పక్కన ఒక పరదేశి వృద్ధ శాస్త్రవేత్తను పోషించడం అతనికి భారంగా తోచి ఉండవచ్చు. అతనికీ తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకపోతే అది నాటకం కాదు, తీర్పు ప్రతి. మూడో పాత్రగా అతన్ని నిలబెట్టడంలో ఫ్రీడ్‌మన్ చరిత్రకారుడిగానే ప్రవర్తించారని నా అభిప్రాయం. హాన్, మైట్నర్‌లతోనే సరిపెట్టి ఉంటే అది విఫల స్నేహం కథగా మిగిలేది, సంస్థల కథ అయ్యేది కాదు.

ఒక విడ్డూరం చెప్పాలి. అణుబాంబు మీద 1947లో విడుదలైన హాలీవుడ్ చిత్రంలో తన పాత్ర పెట్టడానికి మైట్నర్ ఒప్పుకోలేదు. బాంబు తయారీలో చేరమని 1943లో పిలుపు వచ్చినా కాదన్న మనిషిని, బాంబు కథలో నాయికగా చూపబోయారు. 1968లో కేంబ్రిడ్జిలో కన్నుమూసిన ఆమె, 34 ఏళ్ళ తర్వాత కుంగేల్వ్‌కు కూతవేటు దూరంలో రంగస్థలం మీదికి వచ్చింది.

ఇదే దారిలో నడిచిన మరికొన్ని

శాస్త్రవేత్తను రంగస్థలం మీదికెక్కించిన ఆధునిక నాటకాల్లో పెద్దన్న జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్ రాసిన గెలీలియో నాటకం. నాజీల నుంచి పారిపోయి డెన్మార్క్‌లో తలదాచుకుని 1938, 39 ప్రాంతంలో మొదటి ప్రతి రాశాడు. హిరోషిమా తర్వాత దాన్ని తిరగరాశాడు. 1947లో లాస్ ఏంజెలెస్‌లో నటుడు చార్లెస్ లాటన్‌తో ఆడిన కొత్త ప్రతిలో గెలీలియో మీద జాలి బాగా తగ్గిపోయింది. బ్రెహ్ట్‌కు గెలీలియో ఒక సాకు, చెప్పదలుచుకున్నది తన కాలం గురించి. అందులో తప్పేం లేదు, అయితే అది చరిత్రకారుడి పద్ధతి కాదు.

మైఖేల్ ఫ్రెయిన్ నాటకం ‘కోపెన్‌హాగెన్’ 1998లో లండన్‌లో ఆడింది. 1941లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ బోర్‌ను ఎందుకు కలిశాడన్నది దాని ప్రశ్న. అక్కడా చనిపోయిన ముగ్గురే మాట్లాడుకుంటారు. హైసెన్‌బర్గ్‌ను వెనకేసుకొచ్చాడని కొందరు చరిత్రకారులు రచయితను గట్టిగా తప్పుపట్టారు. ఆ రగడ ఎంత దూరం వెళ్ళిందంటే, 2012 దాకా మూసి ఉంచాలనుకున్న బోర్ ఉత్తరాల చిత్తుప్రతులను ఆయన కుటుంబం 2002 ఫిబ్రవరిలోనే బయటపెట్టింది. హైసెన్‌బర్గ్ తర్వాత చెప్పుకున్నదానికి బోర్ జ్ఞాపకం ఒప్పుకోలేదని వాటిలో తేలింది. దస్తావేజుల నుంచి నాటకం పుట్టడం మామూలే. నాటకం దెబ్బకు దస్తావేజుల తాళం ఊడటం ఇక్కడ చూస్తాం.

2001లో రసాయన శాస్త్రవేత్తలు కార్ల్ జెరాసీ, రోల్డ్ హాఫ్‌మన్ కలిసి రాసిన ‘ఆక్సిజన్’ నాటకం నేరుగా నోబెల్ కమిటీనే రంగం మీదికి తెచ్చింది. ఆక్సిజన్ కనిపెట్టినది షీలేనా, ప్రీస్ట్‌లీనా, లవోయిజేనా అని తేల్చలేక సభ్యులు తలలు పట్టుకుంటారు. ఫ్రీడ్‌మన్ అసలు కమిటీల కాగితాల్లో చూసిందే వీళ్ళు కల్పనగా చూపారు. హాఫ్‌మన్ స్వయంగా నోబెల్ గ్రహీత కావడం అందులో అదనపు రుచి.

మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో విచ్ఛిత్తి ప్రయోగం జరిగిన పరికరాల బల్లను చాలా ఏళ్ళ పాటు హాన్ బల్లగా ప్రదర్శించారు. దాని మీది పరికరాల్లో చాలావరకు మైట్నర్ విభాగంలోవే. 1990 ప్రాంతంలో గాని పేరు మార్చలేదు. బడిపిల్లలు ఏటా ఆ బల్ల ముందు నిలబడి నేర్చుకున్నది ఒక్క పేరే. ఫ్రీడ్‌మన్ వంటివారు పుస్తకంతో ఆగకపోవడానికి కారణం ఇలాంటి బల్లలే.

ఫ్రామ్ ఓడ

నార్వే ప్రజలకు ఇంటి దేవుళ్ళ వంటి ఇద్దరి మీద ఫ్రీడ్‌మన్ రాసిన నాటకానికి మూలం ఒక ఓడ. ధ్రువసముద్రపు మంచు నొక్కినా నలగకుండా, పైకి లేచేలా ఫ్రిట్యోఫ్ నాన్సెన్ కట్టించుకున్న ఓడ ఫ్రామ్. దాని మీద దక్షిణ ధ్రువానికి వెళ్ళాలని ఆయనకు ఒక కల ఉండేది. రోఆల్ ఆముండ్‌సెన్ వచ్చి ఉత్తర ధ్రువసముద్రంలో శాస్త్రీయ పరిశీలనలకు కావాలని అడిగితే, తన కల వదులుకుని ఇచ్చాడు. ఈలోగా ఉత్తర ధ్రువం చేరుకున్నామని అమెరికన్లు చాటుకున్నారు. 1910లో ఫ్రామ్ నార్వే రేవు విడిచేనాటికి అది దక్షిణానికి పోతోందని అతి కొద్దిమందికే తెలుసు. నాన్సెన్‌కు తెలియదు. ఆముండ్‌సెన్ 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరాడు.

శాస్త్రం కోసం యాత్రా, యాత్ర కోసం శాస్త్రమనే ముసుగా అన్నది ఈ ఇద్దరి మధ్య ఉన్న అసలు తగవు. నార్వే అప్పటికి స్వతంత్ర రాజ్యమై అయిదేళ్ళే. వీరులు కావలసిన దేశానికి అలాంటి ప్రశ్న అడిగే తీరిక లేదు. అసలు దారి వెల్లడిస్తూ ఆముండ్‌సెన్ నాన్సెన్‌కు ఉత్తరం రాశాడు. దాన్ని మడీరా దీవి దగ్గర అన్న లియోన్ చేతిలో పెట్టాడు. అది నాన్సెన్ చేతికి అందే సమయానికి ఓడ అట్లాంటిక్‌లో దక్షిణ దిశగా సాగిపోతూ ఉంది, వెనక్కి పిలవడానికి దాని మీద వైర్‌లెస్ కూడా లేదు.